నాలుగేళ్ల పిల్లల దగ్గర చెల్లే మాట

(శిశు విద్య ఉపాధ్యాయుల శిక్షణ సదస్సులో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే, అక్కడక్కడా చిన్న సవరణలతో.)

కూర్చోండి, కూర్చోండి. దయచేసి అందరూ కూర్చోండి.

నేను తలుపు దాటి లోపలికి రాగానే మీరంతా లేచి నిలబడ్డారు. నేనెవరో మీలో సగం మందికి తెలియదు. బాగా మాట్లాడతానో లేదో ఎవరికీ తెలియదు. అయినా లేచారు. నిన్న ఉదయం ఒక బాలబడికి వెళ్లాను, నాలుగేళ్ల పిల్లల తరగతికి. నన్ను చూసి ఒక్కరూ కదల్లేదు. ఒక పాప మాత్రం దగ్గరికొచ్చి, కాసేపు నా మొహంలోకి తేరిపార చూసి, "నీ కళ్లజోడు వంకరగా ఉంది" అంది. (నవ్వులు) నిజంగానే వంకరగా ఉంది. సరిచేసుకున్నాను. సరిచేసుకున్నాక తట్టింది, ఇంత గదిలో ఇప్పటిదాకా మాట చెల్లినది ఈ పాపకొక్కతికే కదా అని.

నాకిచ్చిన అంశం "శిశు విద్యలో ఉపాధ్యాయుల అధికారం, మారుతున్న తీరు". ఆహ్వానపత్రంలో అలాగే అచ్చువేశారు. చదువుతుంటే 'అధికారం' దగ్గర ఆగిపోయాను. మనకు దాని పక్కనే ఇంకో మాట ఉంది, పెద్దరికం. రెండూ ఒకటి కాదు. అధికారం పైనుంచి వస్తుంది. ఒక ఉత్తర్వు, ఒక కుర్చీ, చేతిలో హాజరుపట్టీ. పెద్దరికం అలా రాదు, ఎదుటివాళ్లు ఒప్పుకోవాలి. అందుకే "పెద్దరికం నిలబెట్టుకో" అంటాం. ఇవి రెండూ కాక, మామూలుగా అందరం అనే మాట మరొకటుంది, "ఆయన మాట చెల్లుతుంది" అని. నాణెం చెల్లినట్టు. ఎంత గట్టిగా మోగించినా అవతలివాడు పుచ్చుకోకపోతే ఆ నాణెం చెల్లదు. ఈ పూట నేను ఈ మూడో మాటనే పట్టుకుని వెళ్తాను, ఎందుకంటే మన వృత్తికి సరిపోయేది అదే.

శిక్షణ తరగతుల్లో మొదటిరోజు నేను ఒకటే అడుగుతాను, మీ పెద్ద కష్టం ఏమిటి అని. ముప్పై ఏళ్లుగా జవాబు మారలేదు. "పిల్లలు మాట వినడం లేదండీ." నేను ఉద్యోగంలో చేరిన ఏడాది కూడా సీనియర్లు ఇదే అన్నారు, "మా రోజుల్లో వినేవాళ్లు" అని చివర చేర్చి. వాళ్ల సీనియర్లు కూడా అనే ఉంటారు. కాబట్టి టీచర్ మాట చెల్లే కాలం ఒకటుండేదనీ, అది పోయిందనీ నేను నమ్మను. చెల్లే తీరు మారింది. ఎక్కణ్ణుంచి ఎక్కడికి మారిందో చూద్దాం.

చిన్నపిల్లలకంటూ వేరే బడి, వేరే టీచర్ అనే ఆలోచన అంత పాతది కాదు. ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో జర్మనీలోని బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్నపిల్లల కోసం ఒక సంస్థ తెరిచాడు. 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. పిల్లల తోట అని అర్థం. ఆ పేరులోనే టీచర్ పని మారిపోయింది చూడండి. తోటమాలి మొక్కను ఎదగమని ఆజ్ఞాపించలేడు. పాదు చేస్తాడు, నీళ్లు పెడతాడు, కలుపు తీస్తాడు, అంతే. చెక్క దిమ్మెలు, బంతులు, పాటలు, ఆటలు. ఇందులో ప్రభుత్వానికి భయపడాల్సింది ఏముంటుంది అనుకుంటాం. అప్పటి జర్మన్ రాజ్యాల్లో పెద్దదైన ప్రష్యా ప్రభుత్వం 1851లో కిండర్‌గార్టెన్లను నిషేధించింది! నాస్తికత్వం, సోషలిజం నేర్పుతున్నారని నేరం మోపింది. ఫ్రోబెల్ మర్నాటి ఏడే పోయాడు. నిషేధం 1860 దాకా ఎత్తలేదు. నాలుగేళ్ల పిల్ల దిమ్మె మీద దిమ్మె పేర్చుకుంటుంటే ఒక రాజ్యం ఉలిక్కిపడింది. పెద్దవాళ్లు చెప్పకుండానే పిల్లలు ఒక పని తలపెట్టి చేయగలరు అంటే, పైవాళ్లకు అది చిన్న సంగతిగా తోచదు.

ఫ్రోబెల్ దగ్గర ఇంకొకటి జరిగింది. ఇది మనకు వరమూ అయింది, ముల్లూ అయింది. ఈ పనికి ఆడవాళ్లే తగినవాళ్లు అన్నాడాయన, వాళ్లకు శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో ఆడవాళ్లకు తలుపు తెరిచిన వృత్తులు ఎన్నని? అందుకది వరం. ముల్లు ఏమిటంటే, "తల్లి మనసు ఉంటే చాలు, ఈ పని వస్తుంది" అన్న నమ్మకం దాంతోపాటే దిగబడింది. ప్రేమ సహజంగా వచ్చేదైతే దానికి చదువెందుకు? చదువు అక్కర్లేని పనికి జీతమెందుకు? ఇదీ వరస. పెద్ద తరగతులకు చెప్పేవారిని "ఏ సబ్జెక్టు చెప్తారు?" అని అడుగుతారు. మనల్ని "పిల్లలతో ఓపిక బాగా ఉండాలి కదా" అంటారు. ఓపిక మెచ్చుకోలే, కాదనను. అయితే సర్జన్‌ను ఎవరూ ముందుగా ఓపిక గురించి మెచ్చుకోరు. (నవ్వులు) మన మాట బయట చెల్లకపోవడానికి మూలం ఇక్కడ ఉందని నా అభిప్రాయం. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

తరవాత మరియా మాంటిస్సోరి. ఆవిడ డాక్టరు. 1907 జనవరి 6న రోమ్‌లోని సాన్ లొరెంజో పేటలో, కూలి పనులకు వెళ్లేవాళ్ల పిల్లల కోసం మొదటి బాలల గృహం తెరిచారు. అక్కడి టీచర్‌ను టీచర్ అనకుండా నిర్దేశకురాలు అన్నారు. ఆవిడే చెప్పుకున్న సంఘటన ఒకటి నాకు చాలా ఇష్టం. బోధన పరికరాలన్నీ బీరువాలో పెట్టి టీచర్ తాళం వేసుకునేది. ఒకనాడు తాళం వేయడం మరిచిపోయింది, మర్నాడు ఆలస్యంగా వచ్చింది. వచ్చేసరికి పిల్లలు బీరువా తెరిచి, ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుని పనిలో పడ్డారు. టీచర్‌కు అది దొంగతనంగా కనిపించింది, శిక్షించాలంది. మాంటిస్సోరికి ఇంకోటి కనిపించింది. ఏది కావాలో ఎంచుకునే తెలివి పిల్లలకు వచ్చేసింది కదా అనుకున్నారు. ఇవాళ మాంటిస్సోరి బళ్లలో పిల్లల చేతికందే ఎత్తులో, తలుపుల్లేని అరలు ఉంటాయే, అవి ఆ మరిచిపోయిన తాళంలోంచి వచ్చాయి.

మీ అందరి దగ్గరా ఒక తాళం ఉంది. నేను ఇనప తాళం గురించి మాట్లాడటం లేదని మీకు తెలుసు.

ఆవిడ పరికరాల్లో పది స్తూపాలు, పది గుంటలు ఉన్న చెక్క దిమ్మె ఒకటుంటుంది. సన్నటి స్తూపాన్ని వెడల్పు గుంటలో పెట్టేశావనుకో, చివరికి ఒక లావు స్తూపం మిగిలి ఎక్కడా పట్టదు. "తప్పు" అని టీచర్ అనక్కర్లేదు, చెక్కే చెప్తుంది. తప్పు చెప్పే అధికారం టీచర్ నోట్లోంచి చెక్కలోకి వెళ్లిపోయింది. చూడ్డానికి టీచర్ ఏమీ చేయనట్టే ఉంటుంది. ఇక్కడ నేను కొంచెం పేచీ పెట్టుకుంటాను. మాంటిస్సోరి పద్ధతిని పొగిడేవాళ్లు "అక్కడ పిల్లలకు పూర్తి స్వేచ్ఛ" అంటారు. ఆ అరలో ఏ వస్తువు ఉండాలో ఎవరు నిర్ణయించారు? ఒక్కో పరికరం ఒక్కటే ఉంచి, రెండోవాడు ఆగేలా చేసింది ఎవరు? టీచరే. పిల్లలు రాకముందే నిర్ణయాలన్నీ అయిపోయాయి. గదిని అమర్చడం కూడా అధికారమే. ఇంకా మాట్లాడితే అరుపు కన్నా బలమైన అధికారం, ఎందుకంటే అరుపును ఎదిరించవచ్చు, బల్ల ఎత్తును ఎలా ఎదిరిస్తారు? ఇది చెడ్డదని కాదు. "నేను పిల్లలకే వదిలేశాను" అని చెప్పుకోకండి అంటున్నాను, అంతే.

నిజంగానే వదిలేస్తే ఏమవుతుందో చూసినవాళ్లున్నారు. కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరో ఇద్దరు కలిసి 1939లో ప్రచురించిన అధ్యయనం అది. అందులో పిల్లలు మన పిల్లలకన్నా పెద్దవాళ్లు, పదేళ్ల వయసువాళ్లు. మాస్కులు తయారుచేయడం లాంటి పనులు ఇచ్చారు. ఒకచోట నాయకుడు అన్నీ తనే ఆజ్ఞాపించాడు. ఒకచోట పిల్లలతో చర్చించి నడిపించాడు. ఇంకోచోట ఏదీ పట్టించుకోకుండా వదిలేశాడు. నాయకుడు గది బయటికి వెళ్లాక చూడాలి అసలు సంగతి. ఆజ్ఞల గదిలో పని కుంటుపడింది, చర్చించిన గదిలో సాగుతూనే ఉంది. వదిలేసిన గదిలో ఆయన ఉన్నప్పుడే అంతంతమాత్రం. కాబట్టి మీ మాట ఎంత చెల్లుతోందో తెలుసుకోవాలంటే ఒకటే పరీక్ష, నీళ్లు తాగడానికి బయటికి వెళ్లి రెండు నిమిషాల తరవాత రండి. (నవ్వులు) ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలుసు.

ఇక నాకు ఎక్కువ ఆసక్తి ఉన్న వైపుకి వస్తాను. మనం పిల్లల్ని లెక్కగడుతున్నాం అనుకుంటాం గానీ, వాళ్లే మనల్ని లెక్కగడుతుంటారు.

జుడిత్ స్మెటానా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1981లో చూపించిన విషయం ఇది. బాలబడికి వెళ్లే పిల్లలను అడిగారు. బొమ్మలు వాటి చోట పెట్టకపోవడం తప్పా? తప్పే. బడిలో ఆ నియమమే లేకపోతే? అప్పుడు ఫర్వాలేదు. ఇంకో పిల్లాణ్ణి కొట్టడం తప్పా? తప్పు. ఆ నియమం లేకపోతే? అయినా తప్పే. మూడు నాలుగేళ్లవాళ్లు! టీచర్ పెట్టిన నియమం వేరు, టీచర్ కూడా మార్చలేని నియమం వేరు అని వాళ్లకు అప్పటికే తెలుసు. మనమేమో చెప్పులు వరసలో పెట్టకపోయినా, పక్కవాణ్ణి కొరికినా ఒకే గొంతుతో, ఒకే కోపంతో అరుస్తాం. వాళ్లు విడిగా పెట్టుకున్న రెండింటినీ మనం కలిపేస్తున్నామన్నమాట. చెప్పుల కోసం అంత గొంతు ఖర్చు పెడితే, కొరికినప్పుడు వాడటానికి గొంతేం మిగులుతుంది?

రెండోది, 2004లో వచ్చిన అధ్యయనం. మూడు నాలుగేళ్ల పిల్లల ముందు ఇద్దరు పెద్దవాళ్లు వస్తువుల పేర్లు చెప్తారు. ఒకరు సరిగ్గా చెప్తారు, ఇంకొకరు బంతిని చూపించి 'బూటు' అన్నట్టు తప్పు పేర్లు చెప్తారు. తరవాత ఎన్నడూ చూడని వస్తువు తెచ్చి, దీని పేరు ఎవరు చెప్తే నమ్ముతారు అంటే, ఎవరు తప్పు చెప్పారో గుర్తుపట్టిన పిల్లలు ఇందాక సరిగ్గా చెప్పినవాళ్ల వైపే మొగ్గారు. ఇద్దరూ పెద్దవాళ్లే అయినా సరే. పెద్దవాళ్లు కాబట్టి నమ్మాలన్న నియమం మనకుంది గానీ వాళ్లకు లేదు.

మూడోది కొంచెం నెమ్మదిగా చెప్తాను. మార్ష్‌మాలో పరీక్ష మీరు వినే ఉంటారు. పిల్ల ముందు ఒక మిఠాయి పెట్టి, నేను తిరిగి వచ్చేదాకా తినకుండా ఉంటే రెండు ఇస్తాను అంటారు. ఆగగలిగిన పిల్లలకు నిగ్రహం ఉంది, ఆగలేనివాళ్లకు లేదు అని చాలాకాలం చెప్పుకున్నారు. సెలెస్ట్ కిడ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 2013లో దీనికి ముందు ఒక అంకం జోడించారు. మొత్తం 28 మంది పిల్లలు, మూడు నుంచి ఐదేళ్లవాళ్లు. బొమ్మలేసుకోమని పాత రంగులు ఇచ్చి, కాసేపు ఆగితే ఇంతకన్నా మంచివి తెస్తానని పరిశోధకురాలు వెళ్తుంది. సగం మందికి చెప్పినట్టే తెచ్చింది. మిగతా సగానికి ఉత్త చేతులతో వచ్చి "అయ్యో, లేవమ్మా, నేనే పొరబడ్డాను" అంది. స్టిక్కర్లతో మళ్లీ అదే జరిగింది. ఆ తరవాత మిఠాయి పెట్టారు. మాట నిలబెట్టుకున్న మనిషి కోసం పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి కోసం 3 నిమిషాలు. మొదటి గుంపులో 14 మందిలో 9 మంది పూర్తిగా 15 నిమిషాలూ ఆగారు, రెండో గుంపులో ఒక్కరు.

నిగ్రహం లేక కాదండీ. ఆ మనిషి మాట చెల్లలేదు. నేనైనా అంతే, జీతం రెండుసార్లు ఎగ్గొట్టిన యజమాని "వచ్చే నెల రెండింతలిస్తాను" అంటే ఆగుతానా?

నా సొంత కథ ఒకటి చెప్పాలి ఇక్కడ, చెప్పకపోతే ఉపన్యాసం మరీ నిప్పులాంటి మనిషి ఇచ్చినట్టు అవుతుంది. ఉద్యోగంలో నాలుగో ఏడు. నా తరగతిలో ఒక బాబు, మాటలు తక్కువ. వాడికి మొక్కలకు నీళ్లు పోసే డబ్బా అంటే ప్రాణం. ఒకరోజు ఇంటికెళ్లే వేళ అడిగాడు, "నేను పోస్తా". నేను హడావుడిలో ఉన్నాను. "రేపు నువ్వే పోద్దువుగాని, తప్పకుండా" అన్నాను. మర్నాడు బడిలో తనిఖీ. నీళ్లూ గుర్తు లేవు, డబ్బా గుర్తు లేదు, వాడూ గుర్తు లేడు. వాడు గొడవ చేయలేదు, ఏడవలేదు. ఆ మర్నాటి నుంచి నా దగ్గరికి రావడం మానేశాడు. కథ చెప్తానని పిలిస్తే దూరంగా కిటికీ దగ్గర కూర్చునేవాడు. నేను వాడి తల్లిని పిలిచి ఏమన్నానో తెలుసా? "మీ వాడు ఈ మధ్య మాట వినడం లేదమ్మా." సిగ్గుపడుతూనే చెప్తున్నాను.

సరే, ఇంతవరకూ మాట చెల్లకపోవడం గురించి. ఇప్పుడు తిరకాసు. చాలాసార్లు మన మాట అక్కర్లేనంతగా చెల్లుతుంది.

2011లో ఒక ప్రయోగం చేశారు. ఒక కొత్త బొమ్మ, దానికి బోలెడు గొట్టాలు. ఒకటి లాగితే కీచుమంటుంది, ఒకచోట వెలుగుతుంది, ఒకచోట సంగీతం వస్తుంది, ఒక గొట్టంలో అద్దం దాగి ఉంటుంది. కొందరు పిల్లలకు ప్రయోగం చేసేవారు టీచర్‌లా చూపించారు, "ఇదిగో, ఈ బొమ్మ ఇలా పనిచేస్తుంది" అని కీచు గొట్టం లాగి. ఇంకొందరి ముందు అనుకోకుండా చెయ్యి తగిలినట్టు, "అరె, ఇలా వచ్చిందేమిటి!" అన్నారు. తరవాత బొమ్మ పిల్లల చేతికిచ్చారు. టీచర్‌లా చూపించిన గుంపు ఆ కీచు దగ్గరే ఎక్కువగా ఆగిపోయింది. రెండో గుంపు వెతికింది, మిగతావి కూడా కనుక్కుంది. మొదటి గుంపు తెలివితక్కువది కాదు. "టీచర్ చూపించింది కాబట్టి ఇందులో ఉన్నది ఇంతే, ఇంకేమైనా ఉంటే చెప్పేదిగా" అని సహేతుకంగానే అనుకున్నారు. మన మీద అంత నమ్మకం! మనం వేలు పెట్టి చూపించిన చోట వాళ్ల వెతుకులాట ఆగిపోతుంది. నేను దీన్ని చదివాక కొన్నాళ్లు తరగతిలో నోరు విప్పాలంటే భయపడ్డాను. తరవాత భయం పోయింది గానీ ఒక అలవాటు మిగిలింది. కొత్త వస్తువు తెచ్చినరోజు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాను.

బెత్తం గురించి ఎక్కువ చెప్పను, ఇక్కడెవరికీ చెప్పక్కర్లేదనుకుంటాను. 1979లో స్వీడన్ ఇంట్లో సహా ఎక్కడా పిల్లల్ని కొట్టకూడదని చట్టం చేసింది, ప్రపంచంలో అది మొదటిది. 1989లో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక వచ్చింది. తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల అభిప్రాయం వినాలని 12వ అధికరణం చెప్తుంది. బడి క్రమశిక్షణ పిల్లల గౌరవానికి భంగం కలిగించకూడదని 28వ అధికరణంలో ఉంది. మంచిది. బెత్తం పోయిన చోట ఏం వచ్చింది అన్నదే నా దిగులు. చాలాచోట్ల స్టిక్కర్ వచ్చింది. నక్షత్రాల పట్టిక వచ్చింది. బెత్తం భయపెట్టేది, ఇది ఊరిస్తుంది, అంతే తేడా.

దీని మీద 1973లో ఒక బాలబడిలోనే చేసిన పని ఉంది, మార్క్ లెప్పర్, ఆయన సహచరులు చేశారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే ముందే ఇష్టమున్న పిల్లల్ని ఎంచుకున్నారు. కొందరికి "బొమ్మ వేస్తే బంగారు నక్షత్రం, ఎర్ర రిబ్బను ఉన్న పత్రం ఇస్తాం" అన్నారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. కొందరికి అసలేమీ లేదు. ఒకటి రెండు వారాల తరవాత మామూలు ఆటవేళ గమనిస్తే, ముందే ఆశ చూపించిన పిల్లలు పెన్నులతో గడిపిన సమయం మిగతావాళ్లలో దాదాపు సగమే. వాళ్ల ఇష్టాన్ని కొనేసి, మళ్లీ వాళ్లకే తిరిగి ఇవ్వకుండా పోయాం.

స్టిక్కర్ ఇంకో పని కూడా చేస్తుంది. టీచర్ మాట అక్కడ చెల్లడం లేదు, చెల్లేది స్టిక్కరే. స్టిక్కర్లు అయిపోయినరోజు మీరు ఎవరు?

భాష గురించి ఒక్క ముక్క. "అందరూ వచ్చి కూర్చుంటారా?" అని అడుగుతాం. వాడు నిజాయితీగా "కూర్చోను" అంటాడు. మనకు కోపం. అది ప్రశ్న అని వాడు అనుకున్నాడు మరి, చివర 'రా' అని దీర్ఘం తీసింది మనమే. కాదనే వీలు లేనప్పుడు అడగొద్దు, నెమ్మదిగా చెప్పండి, "ఇప్పుడు కూర్చునే వేళ". అడిగినప్పుడు మాత్రం కాదంటే ఒప్పుకోండి. "టీచర్‌కి బాధ కలుగుతుంది" అని బెదిరించడం కూడా మానాలి. నాలుగేళ్ల పిల్ల మీద మన మనసు మోసే బరువు కూడా పెడతామా?

ఇప్పుడు ఇందాక వదిలేసిన ముల్లు దగ్గరికి వస్తాను. కిందివైపు, అంటే పిల్లలవైపు, మన అధికారాన్ని తెలిసి వదులుకుంటున్నాం. మంచికే. పైవైపు, అంటే తల్లిదండ్రులు, యాజమాన్యాలవైపు, మన మాట మనకు తెలియకుండా జారిపోతోంది. ఈ రెండూ ఒకటే అనుకుని పొరబడుతున్నారు చాలామంది. పొద్దున పదింటికి ఫోటో పంపాలి. మధ్యాహ్నం ఏం తిన్నాడో యాప్‌లో పెట్టాలి. గది మూలన కెమెరా. సాయంత్రం వర్క్‌షీట్ ఇంటికి వెళ్లాలి, లేకపోతే "ఇవాళ ఏమీ చెప్పలేదా?" అని ఫోను. మూడున్నరేళ్ల పిల్లవాడి చెయ్యి పట్టుకుని టీచరే అక్షరం దిద్దించి "వాడే రాశాడు" అని పంపుతుంది. ఎవరికీ చెప్పకండి, మనలో ఎవరు చేయలేదు? తరగతిలో ఏం జరగాలో తన చదువు, తన చూపు బట్టి చెప్పాల్సిన మనిషి, ఫోటో బాగా వచ్చేది ఏదో అది చేయిస్తోంది. అలాంటి మనిషి పిల్లలకు "నువ్వే ఎంచుకో" అని ఎలా చెప్తుంది? తనకెవరూ ఎంచుకోనివ్వలేదు కదా.

ఇటలీలో రెజ్జో ఎమీలియా అనే ఊరు ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన వెంటనే, 1945లో, ఆ పక్కనున్న విల్లా చెల్లా అనే పల్లెలో జనం, జర్మన్ సైన్యం వదిలిపోయిన ఒక ట్యాంకును, కొన్ని ట్రక్కులను, గుర్రాలను అమ్మి, ఆ డబ్బుతో పిల్లల బడి కట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ కబురు విని లోరిస్ మలగుజ్జి అనే యువ ఉపాధ్యాయుడు సైకిలేసుకుని చూడ్డానికి వెళ్లాడు, వాళ్లతో ఉండిపోయాడు. 1963లో ఆ నగరపాలక సంస్థ తన మొదటి బాలబడి తెరిచింది. అక్కడ తల్లిదండ్రులు బడి బయట నిలబడి ఫిర్యాదు చేసేవాళ్లు కారు, ఇటుకలు మోసినవాళ్లు. టీచర్లు తరగతికి ఇద్దరు, సమాన హోదాలో. వాళ్లు ఒక పని మాత్రం వదలకుండా చేస్తారు, పిల్లలు అన్న మాటలు అన్నట్టే రాసుకుంటారు, చేస్తున్న పనిని దశలవారీగా ఫోటోలు తీసి, మాటలతో సహా గోడలకు పెడతారు. ఫోటోలు మనమూ తీస్తున్నాం కదా అంటారేమో. మనం తీసేది పిల్లవాడు నవ్వుతున్నప్పుడు. వాళ్లు తీసేది ఆలోచిస్తున్నప్పుడు.

దీని బలం నేను కళ్లారా చూశాను. నా దగ్గర శిక్షణ పొందిన ఒక టీచర్, పాతికేళ్ల అమ్మాయి, గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఒక తండ్రి వచ్చి, నేనూ అక్కడే ఉన్నాను, "పొద్దంతా ఆటలేనా ఇక్కడ? మా వాడికి ఏం వచ్చిందో చెప్పండి" అన్నాడు. గొంతు పెద్దది. ఆ అమ్మాయి వాదించలేదు. నోటుబుక్కు తీసి చదివింది. "సోమవారం. దిమ్మెలతో వంతెన కట్టాడు, కూలింది. మళ్లీ కట్టాడు, కూలింది. కారు బరువు ఎక్కువ అన్నాడు. మంగళవారం. చిన్న కారు తెచ్చాడు. కూలింది. 'కారు కాదు, కాళ్లు' అన్నాడు." ఇలా గురువారం దాకా, ఆరుసార్లు కూలడం. ఏడోసారి వెడల్పు దిమ్మెలు కింద పెట్టాడు, నిలిచింది. ఆ తండ్రి కాసేపు మాట్లాడలేదు. తరవాత అడిగాడు, "ఏడోసారి వెడల్పువి పెట్టమని ఎవరు చెప్పారు?" ఆ అమ్మాయి "ఎవరూ చెప్పలేదండీ" అంది. ఆయన కూర్చున్నాడు. అప్పటిదాకా నిలబడే ఉన్నాడు.

ఆ నోటుబుక్కు ఖరీదు ఎంతుంటుంది? ఆ అమ్మాయి తన కొడుకుని తనకన్నా ఎక్కువ చూసిందని ఆయన గ్రహించాడు. ఓపిక గురించి కాదు, చూపు గురించి గౌరవించాడు. సర్జన్‌ను గౌరవించినట్టు. యాజమాన్యం ఇవ్వలేనిది, యాప్ లాక్కోలేనిది అది.

నా సమయం అయిపోయినట్టుంది. ప్రశ్నలుంటే అడగండి. వెనక వరసలో, చెప్పండమ్మా.

(ప్రశ్న: కొట్టొద్దు, అరవొద్దు, స్టిక్కర్లు వద్దు అంటున్నారు. నా గదిలో ముప్పైమంది పిల్లలు, నేనొక్కదాన్నే. నోటుబుక్కు ఎప్పుడు రాయను?)

రాయలేరమ్మా. మీతో అబద్ధం ఆడను. ముప్పైమంది మూడేళ్లవాళ్లు, ఒక్క మనిషి అంటే అక్కడ జరిగేది కాపలా. మీ పద్ధతిలో లోపం వెతికేవాళ్లను ముందు ఆ గదిలో ఒక పూట ఒంటరిగా ఉండమనండి. ఇంకో టీచర్ కావాలని అడగడం మీ చేతకానితనం కాదు. ఒక్కటి మాత్రం చేయగలరు. రోజుకు ఒక్క పిల్ల. ఇవాళ ఫలానా పిల్ల అని పొద్దునే అనుకోండి, మధ్యాహ్నానికి ఆ పిల్ల గురించి రెండు వాక్యాలు. ముప్పై పనిదినాల్లో ఒక చుట్టు వస్తుంది. అది చాలదని నాకూ తెలుసు. ఈ సభలో యాజమాన్యాల వాళ్లు కూడా ఉన్నారు, ముందు వరసలో. వాళ్లు విన్నారనే అనుకుంటున్నాను.

ఇంకెవరైనా? అవునండీ, మీరు.

(ప్రశ్న: ఆ నీళ్ల డబ్బా బాబు మళ్లీ మీ దగ్గరికి వచ్చాడా?)

(నవ్వులు) అసలు ప్రశ్న ఇదీ. వచ్చాడు. అంతకుముందు నేనే వెళ్లి, వాడి పక్కన కింద కూర్చుని, "నీకు రేపని చెప్పాను, మరిచిపోయాను, తప్పు నాది" అన్నాను. వాడు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు, ఏమీ అనలేదు. ఇంకో నాలుగు రోజులు అలాగే గడిచాయి. ఐదోరోజు నేను నీళ్లు పడుతుంటే వెనక నుంచి వచ్చి డబ్బా పిడి పట్టుకున్నాడు. "రేపు అనకు" అన్నాడు. ఇచ్చేశాను. డబ్బా నిండా ఉంది, వాడికి బరువు. సగం మొక్కలకు పోశాడు, సగం నా చెప్పుల మీద.

సరే, ఇక భోజనాల వేళయింది, లేవండి.